ఆట ఆడనివాళ్ల ఒంట్లో చక్కెర

1913లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టు ఆ ఏటి చివరి మ్యాచ్, అన్నిటికన్నా ఉత్కంఠగా సాగిన మ్యాచ్, ముగించగానే వాల్టర్ కానన్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త, ఆయన సహచరుడు కలిసి 25 మంది ఆటగాళ్ల మూత్రం పరీక్షించారు. 12 మందికి అందులో చక్కెర కనిపించింది. ఆ 12 మందిలో ఐదుగురు మైదానంలోకి దిగనే లేదు. పిలుపు వస్తుందేమోనని చివరిదాకా పక్కన కూర్చుని ఎదురుచూసినవాళ్లు.

షుగర్ ఉన్నవాళ్ల ఇళ్లలో ఈ ఐదుగురి సంగతి తెలియాలని నా కోరిక. పరగడుపున రీడింగు 180 దాటితే మనవాళ్లు అడిగే మొదటి మాట, "రాత్రి ఏం తిన్నావ్?" రెండు పుల్కాలతో సరిపెట్టుకున్న మనిషి ఏం చెబుతుంది?

గుండె ఝల్లుమన్న క్షణంలో అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్ పుడుతుంది. కాలేయం పొదుపు చేసుకున్న గ్లైకోజెన్ కరిగి చక్కెరగా రక్తంలోకి వస్తుంది. కాలికింద పాము కనబడితే ఎగిరి దూకడానికి ఆ శక్తి కావాలి. అప్పువాళ్ల ఫోనుకో, పిల్లాడి ఉద్యోగం పోయిందన్న కబురుకో దూకే పనేమీ ఉండదు, చక్కెర మాత్రం వచ్చేస్తుంది. దిగులు రోజుల తరబడి సాగితే కార్టిసాల్ తోడవుతుంది. అది కాలేయం చేత కొత్త చక్కెర తయారు చేయిస్తుంది, ఇన్సులిన్ పనికి అడ్డుపడుతుంది. షుగర్ లేనివాళ్లలో క్లోమం మరికొంత ఇన్సులిన్ వదిలి సర్దేస్తుంది. ఉన్నవాళ్లలో ఆ సర్దుబాటు కుదరదు. పైగా ఏ దిగులూ లేకపోయినా తెల్లవారుజామున కార్టిసాల్ ఎలాగూ పెరుగుతుంది. పరగడుపు రీడింగు ఎక్కువ రావడానికి అదీ ఒక కారణం.

మా అమ్మ డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు మూడు రోజులు అన్నం మానేసేది. మాత్రలు మాత్రం వేసుకునేది. చక్కెర పడిపోయి కళ్లు తిరిగితే ఎంత ప్రమాదమో అప్పుడు మాకు తెలియదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఆ మూడు రోజుల ఉపవాసానికి లొంగదని ఆమెకూ తెలియదు. ఆమె భయం జబ్బు గురించి కాదు, చీవాట్ల గురించి.

షుగర్ మనసు మీద మోపే ఈ బరువుకు వైద్యంలో ప్రత్యేకంగా ఒక కొలత ఉంది. 1995లో విలియం పొలాన్‌స్కీ, ఆయన సహచరులు దాన్ని 20 ప్రశ్నలతో తయారుచేశారు. తిండి తలచుకుంటే తప్పు చేసినట్టు అనిపించడం, రేపు కళ్లూ కిడ్నీలూ ఏమవుతాయోనన్న బెంగ, ఎన్నాళ్లు చేసినా తీరని ఈ చాకిరీతో విసిగిపోవడం, ఇలాంటివన్నీ అందులో ఉన్నాయి. ఇది కుంగుబాటు జబ్బు కాదు, షుగర్‌తో కాపురం చేయడంలోని అలసట. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. వాళ్లలో ఎంతమందిని ఈ అలసట గురించి ఎవరైనా అడిగి ఉంటారు?

అడిగి, కాస్త నేర్పితే ఫలితం ఉంటుంది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ సర్విట్ బృందం షుగర్ ఉన్నవాళ్లను బృందాలుగా కూర్చోబెట్టి, ఒత్తిడి తగ్గించుకునే పద్ధతులు నేర్పింది. కండరాలను ఒక్కొక్కటిగా బిగించి వదలడం, నిదానంగా ఊపిరి తీయడం వంటివి. 2002లో ప్రచురించిన ఫలితాల్లో, ఏడాది తర్వాత వాళ్ల హెచ్‌బీఏ1సీ సుమారు 0.5 శాతం పాయింట్లు తగ్గింది. మాత్రలకు బదులుగా కాదు, మాత్రలతో పాటే. భోజనం తర్వాత పది, పదిహేను నిమిషాల నడక కూడా రెండు విధాలా మేలు. కదిలే కండరం ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే చక్కెర తీసుకుంటుంది, మనసూ తేలికపడుతుంది. దిగులు వారాల తరబడి వదలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి-మానస్ 14416కు ఫోను చేయొచ్చు, డబ్బు ఖర్చు లేదు.

మా ఇంట్లో మారింది ఒక నోటుబుక్కు. రీడింగు పక్కన ఆ ముందురోజు ఏం జరిగిందో కూడా అమ్మ రాస్తుంది. నిద్ర పట్టలేదు, జ్వరం, పక్కింటావిడతో మాటామాటా. మొన్న 210 పక్కన "చిన్నోడి ఫోను రాలేదు" అని ఉంది. డాక్టరమ్మ ఆ పేజీ రెండుసార్లు చదివి, మందు మార్చలేదు. "అబ్బాయి ఎక్కడుంటాడమ్మా?" అని అడిగింది.