పాత కారు బ్రేకులు: ఇంటివద్ద మార్చుకోదలచిన వారికి

ఊటీ సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉంది. కొండ దిగువనున్న మేట్టుపాళయం అంతకంటె దాదాపు 1,900 మీటర్లు తక్కువ ఎత్తులో ఉంది. నలుగురు కూర్చున్న చిన్న కారు ఇంత ఎత్తు నుండి దిగివచ్చేసరికి వదులుకోవలసిన శక్తితో యాభై లీటర్ల చన్నీళ్లను మరిగించవచ్చు. అందులో కొంత గాలికి, కొంత ఇంజనుకు పోగా మిగిలిన వేడినంతటినీ చక్రాల వద్దనున్న అరచేతి పాటి బ్రేకులే భరించాలి. గాంధీపురం, గణపతి, పీలమేడు ప్రాంతాల తెలుగు కుటుంబాలు సెలవు దినాలలో ఊటీకో, నలభై హెయిర్‌పిన్ మలుపులు దాటి వాల్పారైకో పాత కారులో బయలుదేరేటప్పుడు ఆ ప్రయాణ క్షేమం కొన్ని మిల్లీమీటర్ల మందం గల ఈ లైనింగుపైననే ఆధారపడి ఉంటుంది.

ప్రైవేటు కారు నమోదు 15 సంవత్సరాలు చెల్లుతుంది. ఆపైన దానిని ఐదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. బ్రేకులు ఎట్లుండాలో 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమావళిలోని 96వ నియమం నిర్దేశిస్తుంది. లోపమున్నదని తెలిసి కూడ ప్రమాదకరమైన వాహనాన్ని రహదారిపై నడపడం 1988 నాటి మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ ప్రకారం శిక్షార్హమైన నేరం.

బ్రేకు పనిచేసే విధానం

పెడల్‌ను తొక్కినప్పుడు మాస్టర్ సిలిండర్‌లోని ద్రవంపై ఒత్తిడి కలుగుతుంది. ఆ ఒత్తిడి సన్నని గొట్టాల ద్వారా నాలుగు చక్రాలకూ చేరుతుంది. పాత చిన్న కార్లలో సాధారణంగా ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, వెనుక చక్రాలకు డ్రమ్ బ్రేకులు ఉంటాయి. ముందు చక్రం వద్ద కాలిపర్‌లోని పిస్టన్ రెండు ప్యాడ్లను డిస్క్‌కు ఇరువైపుల నుండి అదుముతుంది. వెనుక డ్రమ్ములో రెండు షూలు వెలుపలికి విచ్చుకొని డ్రమ్ము లోపలి గోడను ఒరుసుకుంటాయి. కారు ఆగేటప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది గనుక ముందు ప్యాడ్లు త్వరగా అరిగిపోతాయి.

జనం బ్రేక్ ఆయిల్ అని పిలిచే ద్రవం నిజానికి నూనె కాదు. పాత కార్లలో వాడే డాట్ 3, డాట్ 4 రకాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. కొత్త డాట్ 3 ద్రవం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకుండ నిలవాలి. తేమ చేరిన తరువాత ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోవచ్చు. డాట్ 4 విషయంలో ఈ హద్దులు 230, 155 డిగ్రీలు. దీర్ఘమైన దిగుడులో ద్రవం మరిగితే గొట్టాలలో ఆవిరి బుడగలు ఏర్పడతాయి. బుడగ ఒత్తిడికి కుంచించుకొనిపోతుంది, కాబట్టి పెడల్ అడుగంటినా కారు ఆగదు. అందువలన ప్యాడ్లు కొత్తవైనంత మాత్రాన సరిపోదు. రెండేళ్లకొకసారి ద్రవాన్ని కూడ మార్చాలి. ఇంజన్ ఆయిల్‌ను ఒక్క చుక్క కూడ ఇందులో కలపరాదు. దాని వలన లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి చెడిపోతాయి.

ఇంటివద్ద చేయదగిన పని, చేయరాని పని

ముందు చక్రాల ప్యాడ్లను మార్చడం యంత్రాల పనిలో కొంత అలవాటున్న వారికి సాధ్యమే. కోయంబత్తూరులో ఈ స్వయంకృషికి గొప్ప పూర్వోదాహరణ ఉంది. 1893లో నగర సమీపంలోని కలంగల్ గ్రామంలో తెలుగు కుటుంబాన జన్మించిన జి.డి. నాయుడు యౌవనంలో ఒక ఆంగ్ల అధికారి వద్ద మోటారు సైకిలు కొని, దానిని విడదీసి తిరిగి అమర్చి యంత్రజ్ఞానం గడించారు. 1920లో ఆయన పొల్లాచ్చి, పళని పట్టణాల మధ్య బస్సు నడపడం ఆరంభించారు. అయితే బ్రేకు విషయంలో నేర్చుకొనే దశలోని పొరపాటుకు మూల్యం వీధిలో నడిచే ఇతరులు కూడ చెల్లించవలసి వస్తుంది. గొట్టం నుండి ద్రవం కారుతున్నా, పెడల్ మెత్తగా దిగిపోతున్నా, మాస్టర్ సిలిండర్ చెడినా ఆ పనిని శిక్షణ పొందిన మెకానిక్‌కే అప్పగించాలి. మొదటిసారి ప్యాడ్లు మార్చేవారు తెలిసిన వ్యక్తిని పక్కన ఉంచుకొనడం మేలు.

పని క్రమం

కారును సమతలంగా, గట్టిగా ఉన్న నేలపై నిలపాలి. రహదారి అంచున గాని, అపార్ట్‌మెంటు వాలుదారిలో గాని ఈ పని చేయరాదు. హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి, వెనుక చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టాలి. చక్రపు నట్లను కారు నేలపై ఉండగానే కొద్దిగా వదులు చేసి, తరువాత జాకీతో ఎత్తాలి. జాకీ కారును ఎత్తడానికే గాని మోయడానికి కాదు. ఎత్తిన వెంటనే దృఢమైన స్టాండును కింద నిలపాలి. ఊడదీసిన చక్రాన్ని కారు అంచు కింద పడుకోబెట్టడం అదనపు రక్షణ. పిల్లలను దరిదాపులకు రానీయరాదు.

కాలిపర్ బోల్టును విప్పి దానిని పైకి తిప్పిన తరువాత పాత ప్యాడ్లు బయటకు వస్తాయి. లైనింగు మందం 3 మిల్లీమీటర్లకు చేరువైతే మార్చవలసిన సమయం వచ్చినట్లే. కాలిపర్‌ను రబ్బరు గొట్టంపై వేలాడనీయక తీగతో పైకి కట్టాలి. పిస్టన్‌ను నెమ్మదిగా లోనికి నెట్టేటప్పుడు బానెట్ కింది డబ్బాలో ద్రవం పైకి వస్తుంది. అది పొర్లితే రంగును తినేస్తుంది గనుక ముందే కొంత తీసివేయాలి. డిస్కుపై లోతైన గీతలున్నా, దాని మందం తయారీదారు సూచించిన హద్దుకు తగ్గినా కొత్త డిస్క్ వేయించాలి. హద్దుకు లోబడి ఉంటే లేత్ పనిశాలలో చదును చేయించవచ్చు. కాలిపర్ జారే పిన్నులకు బ్రేకుల కోసమే చేసిన గ్రీజును పలుచగా పూయాలి. ప్యాడ్ ముఖానికి గాని, డిస్కుకు గాని గ్రీజు అంటరాదు.

ఒక వైపు మార్చితే రెండవ వైపూ మార్చి తీరాలి. లేకున్న బ్రేకు వేసినప్పుడు కారు ఒక పక్కకు లాగుతుంది. వెనుక షూలు మార్చేవారు ఒక చక్రం పూర్తయ్యే వరకు రెండవదానిని విప్పరాదు. స్ప్రింగులు ఏ కొక్కెమునకు తగిలించవలెనో ఆ విప్పని చక్రమే చూపిస్తుంది.

పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. దాని ధూళి ఊపిరితిత్తులకు తీవ్ర హాని చేస్తుంది. అందుచేత బ్రేకు ధూళిని నోటితో ఊదడం గాని, గాలి పంపుతో కొట్టడం గాని చేయరాదు. మాస్కు ధరించి తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టివేయాలి.

కదిలే ముందు

అమరిక ముగిసిన తరువాత చక్రపు నట్లను ఎదురెదురుగా బిగించి, కారును దించి మరల ఒకసారి పూర్తిగా బిగించాలి. ఇంజన్ స్టార్ట్ చేయక ముందే పెడల్‌ను పలుమార్లు తొక్కాలి. పిస్టన్ లోనికి నెట్టబడి ఉన్నందున మొదటి తొక్కులు ఖాళీగా పోతాయి. ఈ సంగతి మరచి కారును కదిలించినవారు ఎదుటి గోడను గుద్దిన తరువాతనే తెలుసుకుంటారు. పెడల్ గట్టిపడిన పిదప ద్రవం మట్టాన్ని సరిచూసి, ఖాళీ స్థలంలో నడక వేగంతో పరీక్షించాలి. ఆపై రద్దీ లేని దారిలో మధ్యస్థ వేగం నుండి మృదువుగా వేగం తగ్గిస్తూ, నడుమ చల్లారనిస్తూ పదిసార్లు బ్రేకు వేస్తే కొత్త ప్యాడ్లు డిస్కుకు ఒదుగుతాయి. అంతవరకు ఘాట్ రోడ్డు ప్రయాణం తలపెట్టరాదు. ఘాట్ దిగేటప్పుడు కొత్త బ్రేకులున్నా తక్కువ గేరులోనే దిగాలి. వేడిలో కొంత భాగాన్ని ఇంజనే పంచుకుంటుంది.

వాడిన ద్రవాన్ని మురుగు కాలువలో పోయరాదు. నగరపు కాలువల నీరు చివరకు నొయ్యల్ నదికి, చెరువులకు చేరుతుంది. ఆ ద్రవాన్ని మూత గట్టిగా ఉన్న సీసాలో నింపి, పేరు రాసి, పిల్లలకు అందకుండ ఉంచి, పాత లైనింగులతోపాటు ప్రమాదకర గృహవ్యర్థంగా పారిశుద్ధ్య సిబ్బందికి విడిగా, విషయం చెప్పి అప్పగించాలి.