నాన్న దాచిన స్టెప్నీ

మీ ఇంటి గ్యారేజీలో పాత కారు ఉందా? ఉంటే ఒక టార్చిలైటు తీసుకొని అక్కడికి వెళ్ళండి. నేను చెప్పేది మీ కారు దగ్గరే నిలబడి చూడవచ్చు.

మా నాన్నగారి కారు 1971 నాటి ఎం.జి.బి. జి.టి. ఎర్ర రంగు, తీగల చక్రాలు. ఉగాదికి గుడిదాకా, ఎవరిదైనా పెళ్ళికి హాలుదాకా, అంతే దాని ప్రయాణం. ఈ ఏడాది మా అబ్బాయికి లైసెన్సు వచ్చింది. "తాతయ్యా, క్లూఫ్ దాకా నేను నడుపుతాను" అన్నాడు. వచ్చేటప్పుడు ఫీల్డ్స్ హిల్ దిగాలి. డర్బన్ వాళ్ళకు ఆ దిగుడు గురించి నేను చెప్పనక్కరలేదు. నేను ముందు టైర్లు చూశాను.

"టైర్లు కొత్తవే కదమ్మా" అన్నారు నాన్న. నిజమే, గాడులు లోతుగా ఉన్నాయి. మన దేశంలో చట్టం అడిగేది 1 మిల్లీమీటరు లోతే. వీటికి 6 ఉంది. కానీ గాడులు చెప్పేది టైరు ఎంత తిరిగిందో మాత్రమే. దాని వయసు అవి చెప్పవు.

వయసు తెలియాలంటే టైరు పక్క భాగం చూడండి. డి.ఓ.టి. అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. బయటివైపు కనబడకపోతే లోపలివైపు వెతకండి. టార్చి అందుకే. మా వాటిమీద 2309 అని ఉంది. అంటే 2009లో 23వ వారం. చాలామంది తయారీదారులు పదేళ్ళు దాటిన టైరును, చూడడానికి ఎంత బాగున్నా, మార్చమనే చెబుతారు. ఎండకు, వేడికి, గాలికి రబ్బరు గట్టిపడుతుంది. లోపలి పొరల పట్టు సడలుతుంది. తిరగకుండా నిలబడిన టైరుకు ఇంకో కష్టం ఉంది. రబ్బరులో కలిపిన మైనం టైరు తిరుగుతుంటేనే పైకి వచ్చి దాన్ని కాపాడుతుంది. నిలబడితే పగుళ్ళు త్వరగా వస్తాయి. మా టైర్ల మీద వెంట్రుకల్లాంటి పగుళ్ళు కనబడ్డాయి.

ఇక ఏ సైజు కొనాలి? దుకాణంలో కుర్రవాడు 195/60 ఆర్ 14 చూపించాడు. వెడల్పుగా ఉందని మా అబ్బాయి మురిసిపోయాడు. నేను లెక్కల టీచర్ని, కాగితం తీశాను. 195 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 60 అంటే ఆ వెడల్పులో 60 శాతం ఎత్తు. 14 అంటే అంగుళాల్లో చక్రం కొలత. మొత్తం టైరు అడ్డకొలత సుమారు 590 మిల్లీమీటర్లు. మా కారు పుస్తకంలో ఉన్నది 165 ఎస్.ఆర్. 14. పాత పద్ధతిలో ఎత్తు రాసేవారు కాదు, అది దాదాపు 80 శాతం. అంటే 620. చిన్న టైరు వేస్తే స్పీడోమీటరు 100 చూపించినప్పుడు కారు నిజంగా 95లో పోతుంది. పైగా మా చక్రాల వెడల్పు 4.5 అంగుళాలే, 195 టైరుకు అది చాలదు. పవర్ స్టీరింగు లేదు కాబట్టి కారు నిలిపేటప్పుడు చేతులు నొప్పిపెడతాయి. చివరికి 165/80 ఆర్ 14 తెప్పించాం. దాని మీద 'టి' అనే అక్షరం ఉంది, అంటే గంటకు 190 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుంది. మాకు అది ఎక్కువే.

మీ చక్రాలు కూడా తీగలవైతే లోపల ట్యూబు తప్పనిసరి. తీగల చివరలు రిమ్ములోకి వస్తాయి కదా, గాలి అక్కడినుంచి పోతుంది. ట్యూబు వేసేముందు టైరు లోపల అంటించిన కాగితాలు తీసెయ్యమనండి. అవి రాసుకొని ట్యూబు చిల్లిపడుతుంది.

మిగిలింది స్టెప్నీ. విశాఖపట్నంలో టాక్సీ డ్రైవరు అదనపు టైరును ఇలా అంటే నేను అది తెలుగు మాటే అనుకున్నాను. వేల్స్ దేశంలోని ఒక వీధి పేరట! మా స్టెప్నీ ఒక్కసారి కూడా రోడ్డు ఎక్కలేదు. దానికి మూడే అంకెలు, 328, పక్కన చిన్న త్రిభుజం. మూడు అంకెలుంటే 2000కు ముందుది. త్రిభుజం ఉంటే 1990ల నాటిది. అంటే 1998.

"అది మాత్రం ఉంచమ్మా" అన్నారు నాన్న. నాకు ఉద్యోగం వచ్చి, ఈ కారులోనే బడికి వెళ్ళడం మొదలుపెట్టిన ఏడాది అది. నేను దారిలో ఆగిపోతానేమోనని కొన్నారు. నేను ఏమీ అనలేకపోయాను. మా అబ్బాయి దాన్ని బయటికి తెచ్చి, వంచి, ఆ పగుళ్ళు తాతకు చూపించాడు.

నాన్న చాలాసేపు బొటనవేలితో తడిమి చూశారు. తర్వాత నావైపు తిరిగి, "నాలుగు కాదు, ఐదు కొను" అన్నారు. ఐదో దాని డబ్బు ఆయనే ఇచ్చారు.