సూదికి ముందు సీసా

ఇలా అరుగు మీదికి రండర్రా. అన్నం ఉడికిందో లేదో మీ నానమ్మ ఎలా చూస్తుంది? ఒక్క మెతుకు పట్టి నలుపుతుంది. గిన్నెడు అన్నం సంగతీ ఆ మెతుకే చెప్పేస్తుంది. ఒంట్లో గడ్డ కనిపిస్తే డాక్టర్లు కూడా అంతే. సూది గుచ్చి, చిటికెడు ముక్క తీసి మైక్రోస్కోపు కింద పెడతారు. అదే బయాప్సీ.

అయితే మెతుకు పట్టి చూడకూడని గిన్నె ఒకటుంది. మూత్రపిండాల నెత్తిన టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథులు! ఒక్కోటి దాదాపు 5 గ్రాములు, అంతే. కుక్క తరిమితే ఎవడైనా అంతెత్తు గోడ దూకేస్తాడే, అప్పుడు వాడి గుండెను దడదడలాడించే అడ్రినలిన్ అక్కడిదే.

ఆ అడ్రినలిన్ తయారుచేసే చోటే అరుదుగా ఒక గడ్డ పుడుతుంది. పేరు ఫియోక్రోమోసైటోమా. నోరు తిరగలేదు కదూ? మసక రంగు కణాల గడ్డ అని అర్థం. 1912లో లుడ్విగ్ పిక్ అనే ఆయన పెట్టాడు. తలనొప్పి, చెమటలు, గుండెదడ ఉన్నట్టుండి వచ్చి పోతుంటాయి. దాన్ని సూదితో పొడవడమంటే కందిరీగల తుట్టెలో పుల్ల పెట్టడమే. అడ్రినలిన్, దాని తోబుట్టువులు ఒక్కసారిగా రక్తంలోకి కమ్ముకొస్తాయి. బీపీ ఆకాశానికంటి ప్రాణం మీదికొస్తుంది.

మరి తెలిసేదెలా? తుట్టె కదపకుండానే! ఆ రసాయనాలు విరిగితే మెటానెఫ్రిన్లు అవుతాయి. అవి రక్తంలోనో, 24 గంటలపాటు సీసాలో పట్టిన మూత్రంలోనో దొరికిపోతాయి. ఒంట్లోంచి బయటికి పోయే నీళ్లే లోపలి గుట్టు చెబుతాయంటే నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

గ్రంథి పైపొరలో పుట్టే క్యాన్సరుదీ ఇంకో తంటా. టెంకపురుగు పట్టిన మామిడిపండు చూశారుగా! బుగ్గ కోసి తింటే తియ్యగానే ఉంటుంది, పురుగేమో టెంకలో. అలాగే చిన్న ముక్కలో మంచి గడ్డకూ చెడ్డదానికీ తేడా తేలదు. గడ్డ తన పొర చీల్చుకుందా, రక్తనాళాల్లోకి పాకిందా అన్నది మొత్తం తీశాకే తెలుస్తుంది. పైగా సూది దారి వెంట కణాలు రాలే భయమొకటి.

అలాగని సూదిని వెలివేయక్కర్లేదు. ఊపిరితిత్తుల క్యాన్సరు అక్కడికి పాకిందేమోననో, క్షయ సోకిందేమోననో అనుమానం వస్తే, మరే దారిలోనూ తేలకపోతే, అప్పుడు అక్కరకొస్తుంది. అదీ మెటానెఫ్రిన్ల లెక్క చూశాకే.

రేపు మీవాళ్లెవరికైనా స్కానులో అడ్రినల్ గడ్డ కనబడి సూది మాట వస్తే, "ముందు మెటానెఫ్రిన్ పరీక్ష అయిందా డాక్టరుగారూ?" అని తప్పకుండా అడగండి.