బండి గుర్రానికి చోటిచ్చిన రాయి

రాసిన నాటకాలు అచ్చు వేయించుకునే స్తోమత లేక అలోయిస్ సెనెఫెల్డర్ మ్యూనిక్‌లో రాళ్లతో కుస్తీ పట్టాడు. అమ్మ చెప్పిన చాకలి పద్దును రాతి మీద రాసుకోవడంతో 1796లో దారి దొరికిందని తానే చెప్పుకున్నాడు. 1798 కల్లా లిథోగ్రఫీ, అంటే రాతి అచ్చు, ఒక కొలిక్కి వచ్చింది. ఇందులో చెక్కడమంటూ లేదు. మైనం, సబ్బు, కొవ్వు, మసి కలిపిన పెన్సిల్‌తో చదునైన సున్నపురాతి మీద బొమ్మ గీస్తారు. తుమ్మబంకలో కొద్దిగా నత్రికామ్లం కలిపి పూస్తారు. గీసిన చోట జిడ్డు రాతిని పట్టుకుంటుంది, రాతిని తడిపితే ఖాళీ చోట తేమ నిలుస్తుంది. సిరా రోలర్ దొర్లిస్తే జిడ్డు సిరాను తీసుకుంటుంది, తడి తీసుకోదు. చిత్రకారుడికీ కాగితానికీ నడుమ చెక్కేవాడి అవసరం తీరిపోయింది. బరువులు లాగే గుర్రం అచ్చుబొమ్మల్లో నిండుగా కనబడటానికి ఇదే ముఖ్య కారణమని నా వాదన.

సాక్ష్యం థియోడోర్ జెరికో. మెడూసా ఓడ తెప్ప చిత్రాన్ని 1820లో లండన్‌లో ప్రదర్శించిన ఈ ఫ్రెంచి చిత్రకారుడు, మరుసటి ఏడాది అక్కడే హల్మండెల్ ముద్రణశాలలో ఒక లిథోగ్రాఫుల వరస వేయించాడు. అందులో లాడాలు కొట్టేవాళ్లున్నారు, బొగ్గు బండి ఉంది. అడెల్ఫీ రేవు బొమ్మలో గుర్రాలు మనకు వీపు చూపిస్తూ చీకటి కమాను కిందికి వెళ్తుంటాయి. ముఖాలు కనబడవు, పిరుదులు, జీను పట్టీలు, ముందున్న నలుపు, అంతే. రాతి గరుకు మీద పెన్సిల్ ఆగి ఆగి అంటడం వల్ల వచ్చిన బూడిదరంగే ఆ బొమ్మకు ప్రాణం.

అంతకుముందు బండి గుర్రాలను ఎవరూ వేయలేదా అంటే, వేశారు. థామస్ బ్యూయిక్ చెక్క దిమ్మెల్లో పల్లె జంతువులున్నాయి, రోలండ్‌సన్ ఎచింగుల్లో వీధులున్నాయి. కానీ బ్యూయిక్ స్వయంగా చెక్కడం నేర్చిన పనివాడు. రాగిరేకును ఆమ్లంతో కొరికించే ఎచింగ్ గీత వరకు బాగానే ఇస్తుంది. మెత్తని నీడ కావాలంటే వేరే ప్రక్రియ, మళ్లీ ఆమ్లం. రాయి ఈ రెండు బరువులూ దించింది. ఇంకో అభ్యంతరం గట్టిది: ఇదే రాయి తొలినాళ్లలో సంగీతపు కాగితాలు అచ్చు వేసింది, జెరికో కూడా పారిస్‌లో దాని మీద సైనికులనే ఎక్కువగా గీశాడు. నిజమే. రాయి అవకాశం ఇచ్చింది, ఏం గీయాలో చెప్పలేదు. ఆ విషయం లండన్ వీధులు చెప్పాయి. గుర్రం నడక పాత్ర కూడా తక్కువేం కాదు. అదే 1821లో అతడు తైలవర్ణంలో వేసిన ఎప్సమ్ పందెపు గుర్రాలు నాలుగు కాళ్లూ బారచాపి గాలిలో తేలతాయి. కాళ్లు నేలను వదిలే క్షణంలో పొట్ట కిందికి ముడుచుకుంటాయని పరుగెత్తే గుర్రాన్ని 1878లో ఫొటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ తీసిన ఫొటోలు తేల్చాయి. అడుగులో అడుగేసే బండి గుర్రం దగ్గర కంటికి ఆ ఇబ్బంది లేదు.