క్రిస్మస్ డెకరేషన్: వెయ్యి రూపాయల్లో ఇంటికి పండగ కళ.. డబ్బు ఎక్కడ పెట్టాలి? ఎక్కడ ఆపాలి?

డిసెంబర్ మొదలైందంటే చాలు.. ఫ్యాన్సీ షాపుల ముందు స్టార్లు వేలాడతాయి. రీల్స్ నిండా ఆరడుగుల క్రిస్మస్ ట్రీలే. చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ, నెల జీతం మీద నడిచే ఇంట్లో డిసెంబర్ లెక్క వేరు. పిల్లలకు కొత్త బట్టలు, కేకు, పిండివంటలు, ఊరెళ్లడానికి బస్ ఛార్జీలు, చర్చిలో కానుక.. ఇవన్నీ పోగా డెకరేషన్‌కి మిగిలేది ఎంత? చాలా ఇళ్లలో వెయ్యి రూపాయలు మిగిలితే గొప్పే. అందుకే ఆ వెయ్యి రూపాయలనే లెక్కగా తీసుకుందాం. రేట్లు ఊరిని బట్టి, షాపుని బట్టి అటూ ఇటూ అవుతాయి. ఖర్చు పెట్టే పద్ధతి మాత్రం ఎక్కడైనా ఒకటే.

సాధారణంగా జరిగేది ఏంటంటే.. షాపుకెళ్లగానే చిన్న ట్రీ ఒకటి, గంటలు ఒక ప్యాకెట్, మెరుపు దండలు రెండు, శాంటా టోపీ ఒకటి, బెలూన్లు.. ఇలా పది రకాలు కొనేస్తాం. ఇంటికొచ్చి పెడితే ఏదీ కంటికి ఆనదు. రెండడుగుల ప్లాస్టిక్ ట్రీ హాల్లో టీవీ పక్కన పెడితే ఎవరికి కనబడుతుంది చెప్పండి? అదే డబ్బు ఒకే చోట, అంటే వీధి గుమ్మం దగ్గర పెడితే ఇల్లంతా పండగలా ఉంటుంది. కాబట్టి వెయ్యిలో సగం వెలుగుకి, మిగతా సగంలో కొంత స్టార్‌కి, ఇంకొంత కాగితాలకి. చివర్లో ఓ రెండొందలు మిగలాలి కూడా.

స్టార్ కొనాలా? కట్టుకోవాలా?

మన దగ్గర క్రిస్మస్ ఇంటిని గుర్తుపట్టేది ట్రీతో కాదు, స్టార్‌తోనే. యేసు పుట్టిన చోటికి తూర్పు దేశపు జ్ఞానులకు దారి చూపించిన నక్షత్రం అది. అందుకే డిసెంబర్ మొదటి వారంలోనే డాబా మీదకో, చెట్టు కొమ్మకో ఎక్కేస్తుంది. మడత పెట్టే కాగితం స్టార్లు షాపుల్లో తక్కువలోనే దొరుకుతాయి. కానీ రాత్రి మంచుకి మెత్తబడి, గాలికి చిరిగిపోతాయి. బయట వేలాడదీయాలంటే వెదురు బద్దల స్టారే బెస్ట్.

చేయడం కష్టమేమీ కాదు. మూడడుగుల వెదురు బద్దలు పది కావాలి. ఐదు బద్దలతో ఒక ఐదు కోణాల నక్షత్రం, ఇంకో ఐదింటితో అదే సైజులో రెండోది కట్టాలి. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొసలనీ దారంతో బిగించి కట్టేయాలి. ఇప్పుడు అసలు కిటుకు. లోపల బద్దలు ఒకదాన్నొకటి దాటే చోట్లు ఐదు ఉంటాయి కదా.. అక్కడ రెండు నక్షత్రాల మధ్య ఆరంగుళాల పుల్ల ఒక్కోటి అడ్డంగా నిలబెట్టి కట్టాలి. వెంటనే స్టార్ మధ్యలో ఉబ్బి, లోపల బల్బుకి చోటు వస్తుంది. పైన గాలిపటాల కాగితం మైదా జిగురుతో అంటించుకోవడమే. ఒక వైపు ఒక్క ముక్క మాత్రం అంటించకుండా వదిలేయండి, బల్బు మార్చాలంటే చెయ్యి పట్టాలి కదా. బద్దలు, కాగితం, దారం అన్నీ కలిపి నూటయాభై దాటవు. ఊళ్లో వెదురు దొరికితే అది కూడా అవ్వదు.

కాగితం ఏ రంగు అంటే.. నన్నడిగితే తెలుపు లేదా పసుపు. ఎరుపు, నీలం కాగితాలు పగలు బాగుంటాయి గానీ రాత్రి సగం వెలుగు మింగేస్తాయి. రంగు కావాలంటే అంచులకి పెట్టుకోండి చాలు.

వెలుగు దగ్గర మాత్రం కక్కుర్తి వద్దు

అన్నీ తక్కువలో చేయొచ్చు, కరెంట్ సామాను తప్ప. స్టార్‌లో పాత పీచు బల్బు పెట్టే అలవాటు ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. ఆ బల్బు తీసుకునే కరెంట్‌లో ఎక్కువ భాగం వేడిగానే పోతుంది. చుట్టూ పల్చటి కాగితం, ఎండు వెదురు. గాలికి స్టార్ ఊగి కాగితం బల్బుకి ఆనుకుంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఐదు లేదా ఏడు వాట్ల ఎల్‌ఈడీ బల్బు సరిపోతుంది. 'జీరో బల్బు పెట్టాం, కరెంట్ కాలదులే' అనుకుంటారు కొందరు. పేరుకే జీరో, పాత రకం జీరో బల్బు దాదాపు 15 వాట్లు తీసుకుంటుంది!

సీరియల్ లైట్లు నాలుగు చవక సెట్లు కొనేకంటే మంచిది ఒకటి కొనండి. సన్న వైరు, చేత్తో మెలేసిన జాయింట్లు కనిపిస్తే ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు. షాపులోనే ప్లగ్ పెట్టించి, వెలిగించి చూసి తీసుకోండి. లోపల వాడే సెట్లు బయట వేయొద్దు, డిసెంబర్ మంచు తెల్లారేసరికి అన్నిటినీ తడిపేస్తుంది. ఇనుప గ్రిల్‌కి, బట్టలారేసే తీగకి లైట్లు నేరుగా చుట్టడం చాలా ఇళ్లలో చేస్తారు. ఎక్కడో ఓ చోట వైరు పొర ఊడితే ఆ గ్రిల్ మొత్తానికీ కరెంట్ వస్తుంది. పొద్దున్నే తడి చేతులతో తలుపు తీసేది అమ్మో, పిల్లలో. గోడకి, కర్రకి, ప్లాస్టిక్ తాడుకి కట్టుకోండి. పడుకునే ముందు స్విచ్ ఆపేయండి, లైట్లు మనం చూడటానికే కదా.

మరి కరెంట్ బిల్లు? చాలామంది భయపడేది దీనికే. లెక్క చూడండి. 10 వాట్ల ఎల్‌ఈడీ సెట్ రోజుకి 6 గంటల చొప్పున 30 రోజులు వెలిగితే అయ్యేది 1.8 యూనిట్లు. అదే 60 వాట్ల పాత బల్బు అయితే 10.8 యూనిట్లు. తేడా మీకే తెలుస్తుంది. బల్బు, హోల్డర్, వైరు, ప్లగ్‌కి ఓ 250, సీరియల్ సెట్‌కి ఇంకో 250. వెలుగు ఖర్చు 500 దగ్గర ఆగిపోతుంది.

ట్రీకి కొమ్మ చాలు

కోస్తా జిల్లాల్లో ఉన్నవాళ్లకి ట్రీ సమస్యే లేదు. సరుగుడు కొమ్మ దూరం నుంచి చూస్తే అచ్చం క్రిస్మస్ చెట్టులాగే ఉంటుంది. తోట ఉన్నవాళ్లని అడిగి ఒక కొమ్మ తెచ్చుకుని, బకెట్‌లో తడి ఇసుక పోసి నిలబెట్టండి. పైన పాత చీర అంచు చుడితే బకెట్ కనిపించదు. ఒక్క జాగ్రత్త.. పదో తేదీకే తెస్తే పండగ నాటికి ఎండి రాలిపోతుంది. 22, 23 తేదీల్లో తెచ్చుకుని రోజూ నీళ్లు చల్లితే చాలు. సరుగుడు దొరకని చోట ఏదైనా ఎండు కొమ్మకి సున్నం పూసినా అందంగానే ఉంటుంది. ఇంకాస్త పెట్టగలిగితే నర్సరీల్లో క్రిస్మస్ ట్రీ పేరుతోనే అమ్మే అరకేరియా మొక్క కుండీలో పెంచుకోవచ్చు. ఏటా కొనే పని ఉండదు.

ట్రీ మీద వేలాడదీయడానికి ఏం కావాలో మీ బీరువా మీదే ఉంది. పాత శుభలేఖలు! దళసరి అట్ట, బంగారు రంగు అచ్చు, ఎర్రటి కవర్లు.. స్టార్లు, గంటలు కత్తిరించుకోవడానికి ఇంతకంటే మంచి కాగితం షాపులో కూడా దొరకదు. పెళ్లిళ్ల సీజన్ దాటిన ఏ ఇంట్లో చూసినా కట్టలు కట్టలు ఉంటాయి. పాత గాజులకి ఊలు దారం చుడితే చిన్న రింగులు రెడీ. పిల్లలకి కత్తెర, జిగురు ఇచ్చి ఓ ఆదివారం మధ్యాహ్నం కూర్చోబెట్టండి.

ఇక దూది మంచు. విజయవాడలో, ఖమ్మంలో మంచు కురిసింది ఎప్పుడో ఎవరికీ తెలియదు కానీ, ట్రీ మీద దూది మాత్రం పరచాల్సిందే మనకి! సరదాకి పెట్టుకోండి, కాదనం. లైట్లకి, కొవ్వొత్తికి మాత్రం దూరంగా. దూది అంటుకుంటే ఆపడం కష్టం.

పశువుల పాకకి రూపాయి ఖర్చు లేదు

క్రిస్మస్ అలంకరణలో అసలు కథంతా ఉండేది పశువుల పాకలోనే. ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్లో 1223లో సెయింట్ ఫ్రాన్సిస్ ఆఫ్ అసిసీ ఇలాంటి పాక ఏర్పాటు చేశారు. అక్కడ ఉన్నది గడ్డి వేసిన తొట్టి, నిజం ఎద్దు, నిజం గాడిద. అంటే మొదటి నుంచీ ఇది ఖరీదైన వస్తువు కాదు. కాబట్టి వేలు పెట్టి రంగుల బొమ్మల సెట్ కొనలేకపోయామే అని బాధపడే పనే లేదు.

చెప్పుల అట్టపెట్టె ఒకటి పడుకోబెట్టి, పైన వరిగడ్డి కప్పితే పాక అయిపోయింది. ఖరీఫ్ కోతలు అయ్యే టైమ్ కాబట్టి పల్లెల్లో గడ్డికి కొదవ ఉండదు. మరియమ్మ, యోసేపు, బాలయేసు బొమ్మలు బంకమట్టితో పిల్లలే చేస్తారు. ఆవులు, గొర్రెలు వాళ్ల బొమ్మల బుట్టలో ఎటూ ఉంటాయి. పాక చుట్టూ పచ్చదనం కావాలంటే వారం ముందు ఒక వెడల్పాటి పళ్లెంలో మట్టి పోసి మెంతులు చల్లండి. గోవాలో ఇలాగే రాగులు మొలకెత్తించి పాక దగ్గర పెడతారు. మెంతులైతే పండగయ్యాక పప్పులోకి కూడా పనికొస్తాయి.

గుమ్మం ముందు ముగ్గు సంగతి మన వాళ్లకి చెప్పాలా? స్టార్, గంట, కొవ్వొత్తి ముగ్గులు చాలా ఊళ్లలో వేస్తూనే ఉన్నారు. ముగ్గు రంగులు, రంగు కాగితాల తోరణాలు కలిపి 150 అనుకోండి. మొత్తం 800. ఆ మిగిలిన రెండొందలూ 26వ తేదీ తర్వాత బయటకి తీయండి. పండగ అయిపోగానే చాలా షాపులు మిగిలిన సరుకు తగ్గించి అమ్మేస్తాయి, వచ్చే ఏడాదికి అప్పుడే కొనుక్కోవాలి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు నలుగురు కలిసి బేగంబజార్ వెళ్లి డజన్ల లెక్కన తెచ్చి పంచుకున్నా కలిసొస్తుంది.

అద్దె ఇల్లయితే గోడలకి మేకులు, టేపులు వద్దు. టేపు తీసేటప్పుడు రంగు పెచ్చుతో సహా ఊడొస్తుంది, ఆ ఖర్చు అడ్వాన్స్‌లోంచి పోతుంది. కర్టెన్ రాడ్, తలుపు గడియ, కిటికీ ఊచలు.. కాగితం తోరణాలకి ఇవే ఆధారం. మీటర్ ఓనర్‌తో కలిసి ఉంటే లైట్లు వేసే ముందు ఒక మాట చెప్పండి. పైన లెక్క చూపిస్తే ఎవరూ కాదనరు.

న్యూ ఇయర్ అయ్యాకో, కొందరైతే జనవరి 6 దాటాకో స్టార్ దించుతారు. అప్పుడు కాగితం మాత్రం చింపేసి, మధ్యలో పుల్లలు విప్పేస్తే బద్దల ఫ్రేమ్ మళ్లీ పల్చగా అయిపోతుంది, అటక మీద పెట్టేయొచ్చు. సీరియల్ లైట్లని ఉండ చుట్టకుండా అట్టముక్కకి చుట్టి దాచండి. వచ్చే డిసెంబర్‌లో చిక్కులు విప్పే పని తప్పుతుంది, లోపల వైరు తెగకుండా కూడా ఉంటుంది.