ఎవరితో చెప్పుకునేది?

మేళ్లచెరువులో శివరాత్రి జాతరకు శంభులింగేశ్వరస్వామి దర్శనం చేసుకున్న మా చుట్టాలందరికీ భోజనం మా మేనత్త ఇంట్లోనే. వద్దన్నా వినక, కసురుకుంటూ వడ్డించే మనిషి. అటువంటి మనిషి, వృద్ధాశ్రమంలో చేరిన ఆరు నెలలకు, నేను చూడబోతే నా చేయి పట్టుకొని, "అల్లుడా, రాత్రిపూట మంచినీళ్ళు అడగాలంటే భయమైతంది. ఆయా తిడుతది. ఒకనాడు చెయ్యి గుంజింది" అన్నది.

కొడుకు, అంటే మా బావ, అమెరికాలో ఉన్నాడు. ఆశ్రమం వెతికిపెట్టిన పెద్దమనిషిని నేనే. దాని పేరెందుకు లెండి!

నేనేం చేశానంటారా? తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళి ఉపన్యాసం దంచాను. కాలేజీలో రోజూ చేసే పని అదే గదా! ఆయన మర్యాదస్తుడే. వెంటనే అత్తమ్మనూ, ఆయానూ పిలిపించి ఎదురెదురుగా నిలబెట్టి, "ఏమమ్మా, ఈమె మిమ్మల్ని తిట్టిందా?" అని అడిగాడు. అత్తమ్మ ఆయా ముఖం చూసింది. నా ముఖం చూసింది. "అసొంటిదేం లేదయ్యా, మా అల్లుడు తప్పు విన్నడు" అన్నది. అయిదు నిమిషాల్లో విచారణ ముగిసింది. నేను బస్సెక్కి ఇంటికి వచ్చాను. ఆ రాత్రి ఆమెకు నీళ్ళివ్వవలసింది మాత్రం ఆ ఆయాయే.

ఇంటికి వచ్చి చట్టాలు తిరగేశాను. బిడ్డలు పట్టించుకోకపోతే 2007 నాటి చట్టం ఉంది. ఆర్డీవో స్థాయికి తగ్గని అధికారి ట్రైబ్యునలుకు అధ్యక్షుడు. మనోవర్తి అర్జీని నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి. కాని ఆశ్రమంలో ఉన్నవారు ఆశ్రమం మీదనే చెప్పుకోవాలంటే అందులో అంత తిన్నని దారి నాకు కనబడలేదు. ఆశ్రమాలన్నీ రిజిస్టరు కావాలంటూ 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు గాని, 2024లో ఆ సభ రద్దయ్యే నాటికి అది చట్టం కాలేదు.

బావతో ఫోనులో చెబితే, "ఇక్కడ అంబుడ్స్‌మన్ అని ఒకరుంటారు బావా" అన్నాడు. 1972లో ప్రయోగంగా మొదలుపెట్టి, 1978లో ప్రతి రాష్ట్రానికీ తప్పనిసరి చేశారట. ఆయన ముసలివారితో ఏకాంతంగా మాట్లాడతాడు. వారు సరేనంటే తప్ప వారి పేరు బయటపెట్టడు. నేను తలకిందులుగా చేసిన పని సరిగ్గా అదే!

మరుసటి ఆదివారం అత్తమ్మను గుడికని బయటికి తీసుకువెళ్ళాను. అరుగు మీద కూచోబెట్టి, ఏ రాత్రి ఏం జరిగిందో అడిగి తేదీలతో సహా రాసుకున్నాను. వృద్ధుల సహాయానికి 14567 అనే ఫోను నంబరుందనీ, ఇప్పుడే చేద్దామనీ అన్నాను.

"ఆగు. ముందుగాల నా గది మార్పించు. మోకాళ్ళ నొప్పులని చెప్పు. తర్వాత కాగితం ఇద్దువు" అన్నది. పదిమందిని ఏలిన మనిషి గదా, నాకు తట్టనిది ఆమెకు తట్టింది.

అట్లాగే చేశాం. గది మారిన వారానికి ఇద్దరం సంతకాలు చేసి కాగితం ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకున్నాం. ఆయాను రాత్రి పని నుంచి తప్పించారు. ఇరవైమందికి రాత్రంతా ఆమె ఒక్కతే ఉండేదని అప్పుడు బయటపడింది. ఇప్పుడు ఇద్దరిని పెట్టారు.

అత్తమ్మ పక్కమంచం ముసలమ్మ మొన్న నన్ను చూసి, "అయ్యా, నన్ను గూడ గుడికి తీస్కపోతవా?" అని అడిగింది.