ఒంటరి పనివారికి ఉమ్మడి పనిశాల



వేములవాడ, సిరిసిల్ల ప్రాంతములలో బీడీలు చుట్టు స్త్రీలను మీరందఱు నెఱుగుదురు. ఒక్కొక్కరి యొడిలో ఒక్కొక్క చాట. ఎవరి తునికాకు వారిది. ఎవరి తంబాకు వారిది. వేయి బీడీల కింత యని కూలి గనుక లెక్కయు ఎవరిది వారిదే. అయినను నలుగురైదుగురు ఒక యరుగుమీద జేరి చుట్టుదురు. చేయి తన పని తాను చేయుచుండగా నోరు కష్టసుఖములు చెప్పుకొనును. క్రొత్తగా నేర్చుకొను పిల్లకు ప్రక్కనున్న యామె ఆకు కత్తిరించు తీరు చూపును. ఒకరు రాకున్నచో మఱొకరు పోయి విచారించి వత్తురు. పని వేఱు, కూలి వేఱు. కూర్చుండు చోటు మాత్ర మొక్కటి. నేడు నేను చెప్పదలచిన విషయము దీనికి మిక్కిలి దగ్గఱిది.

కంప్యూటరుతో ఒంటరిగా పనిచేయువారు ఇప్పుడు మన గ్రామములలోను గలరు. వీరు రెండు తెగలు. మొదటివారు ఏదో యొక కంపెనీలో జీతగాండ్రే. కాని కచేరీకి పోక యింటనుండియే పని నెరవేర్తురు. 2020 మార్చిలో కరోనా వ్యాధివలన దేశమంతట రాకపోకలు నిలిచినపుడు నగరములనుండి యువకు లనేకులు స్వగ్రామములకు మరలివచ్చి యిట్లు పనిచేసిరి. వ్యాధి తగ్గిన పిదప పెక్కు కంపెనీలు వారిని మరల రప్పించుకొన్నను ఈ పద్ధతి పూర్తిగా పోలేదు. రెండవ తెగవారికి నిలుకడగా నొక యజమాని లేడు. ఒకరు బొమ్మలు గీయుదురు. ఒకరు లెక్కలు వ్రాయుదురు. ఒకరు భాషాంతరీకరణము చేయుదురు. ఏ పని కాపని కుదుర్చుకొని, చేసి యిచ్చి, సొమ్ము పుచ్చుకొందురు. వీరిని ఫ్రీలాన్సర్లందురు.

చూచువారికి ఇది సుఖమైన జీవనమువలె దోచును. ఎండ లేదు, వాన లేదు, బస్సెక్కు బాధ లేదు. కాని ఉదయమునుండి రాత్రివఱకు ఒక గది, ఒక తెర. చేసినది బాగున్నదో లేదో చెప్పు తోడివాడు లేడు. అమెరికావారి పని యైనచో వారి పగలు మనకు రాత్రి. పని ముగియు వేళయే తెలియదు. ఊరివారు "ఉద్యోగము లేక యింట గూర్చున్నా"డందురు. పిల్ల నిచ్చువారును అట్లే సందేహింతురు. కోడలి స్థితి మఱియు కష్టము. తెర ముందు పనిచేయుచున్న యామెను, ఊరక కూర్చున్నదని తలచి, ఇంటిల్లిపాదియు పిలుచుచుందురు. సంపాదన యున్నను ఇట్టివారి మనసు కుంగును. కొందఱు ఊరు విడిచి మరల నగరమునకే పోవుదురు.

ఈ కొఱత దీర్చుటకై పుట్టినదే కోవర్కింగ్ స్పేస్. మనము దానిని ఉమ్మడి పనిశాల యందము. 2005 ఆగస్టులో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరమున బ్రాడ్ న్యూబర్గ్ అను కంప్యూటరు నిపుణుడు అట్టి శాల నొకదానిని నెలకొల్పెను. తన పనికి తానే యజమానియగు స్వేచ్ఛయు, నలుగురిలో నుండు తోడును ఒకచోటనే దొరకవలెనని యాతని కోరిక. ఒక యింటిలో వారమునకు రెండు దినములు స్థలము బాడుగకు దీసికొని, బల్లలు వేసి యెదురుచూచెను. మొదటి నెల ఒక్కడును రాలేదు. అతడు విసుగక పదుగురికి చెప్పుచుండగా ఒక్కొక్కరే వచ్చిరి. మధ్యాహ్న భోజనము కలసి చేసిరి. సాయంకాలము నియమితవేళకు తలుపులు మూసెడివారు. అందుచే పనికి హద్దేర్పడెను. ఆ చోటు ఏడాదికే మూతపడినను ఆ యాలోచన ప్రపంచమంతట వ్యాపించినది. మన హైదరాబాదునను ఇట్టి శాలలు పెక్కు గలవు.

ఏర్పాటు సులభమే. బల్ల, కుర్చీ, ఆగని కరెంటు, వేగముగల ఇంటర్నెట్టు, ఫోనులో మాటలాడుటకు చిన్న గది, చాయ. దినమునకో నెలకో కొంత రుసుము. కాని బల్లలు వేసినంత మాత్రమున చెలిమి పుట్టదు. మంచి శాలలో నిర్వాహకుడు క్రొత్తవానిని నలుగురికి పేరు చెప్పి పరిచయము చేయును. చాయవేళ అందఱును లేచి యొకచోట జేరుదురు. అచ్చట మాటలు కలియును. పని చేయించుకొని సొమ్మియ్యని వానితో నెట్లు వ్యవహరింపవలెనో, పన్ను కాగితము లెట్లు నింపవలెనో, తెలిసినవాడు తెలియనివానికి జెప్పును. పని యెక్కువైనవాడు పనిలేనివానికి కొంత యప్పగించును. మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ప్రకటించిన వ్యాసమున నిట్లు చెప్పిరి: అచ్చట ఎవరి పని వారిదగుటచే ఒకరిమీద నొకరికి పోటీ తక్కువ, ఒకరికొకరు సహాయపడుటయు వాడుక.

ఒక హెచ్చరిక కూడ వినుడు. 2010లో న్యూయార్కున వెలసిన వీవర్క్ కంపెనీ పెద్ద భవనములను దీర్ఘకాలపు కౌలుకు దీసికొని చిల్లరగా బాడుగ కిచ్చుచు దేశదేశముల వ్యాపించెను. కౌళ్ల భారము మోయలేక 2023 నవంబరులో దివాలా రక్షణకై న్యాయస్థానము నాశ్రయించి, 2024లో అప్పులు తగ్గించుకొని బయటపడెను. కావున ఆడంబరము మనకు తగదు.

కరీంనగరమున 2020 జులైలో ఐ.టి. టవరు తెరవబడినది. అది కంపెనీలకై కట్టినది. వేములవాడనుండి చిన్నబిడ్డల తల్లి దినదినము అంతదూరము పోజాలదు. మనకు కావలసినది నాలుగు బల్లలు పట్టు గది మాత్రమే. కులసంఘముల భవనములు పెక్కు, పెండ్లిండ్లకు, సభలకు దప్ప, తాళము వేసియుండును. గ్రంథాలయములలో నొక గది దొరకవచ్చును. సోమవారములందును, శివరాత్రికిని రాజన్న దర్శనమునకు జనము క్రిక్కిఱియుదురు గనుక గుడివీధులకు కొంత యెడముగా నుండుట మేలు. ఆడపిల్లలు నిర్భయముగా వచ్చుటకు వెలుతురు, వేఱు మరుగుదొడ్డి, నిర్వాహకులలో స్త్రీలు నుండవలయును. మొదటి నెల ఎవరును రాకున్న తాళము వేయరాదు.

1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము రావిచెట్టు రంగారావుగారి యింటనే ప్రారంభమైనది. ప్రభువుల యాజ్ఞకై కాచుకొనక, పెద్దలు చోటిచ్చి చందాలిచ్చిరి, చదువరులు చేరిరి. నేటి పెద్దలు ఈయదగినదియు చోటే. దానికంటె ముఖ్యమైనది మఱొకటి గలదు: పెద్ద యొకడు అప్పుడప్పుడా గదికి పోయి, "ఏమి పని చేయుచున్నావు బిడ్డా?" యని యడిగి, వినుట. ఊరు ఆ పనిని పనిగా నెంచిన దినముననే ఆ బిడ్డ ఊరిలో నిలుచును.